లూప్ పెడల్ కొనేముందు అది ఎలా ఆగుతుందో చూడండి

బాస్ కంపెనీ లూప్ పెడల్ (లూపర్) ఆర్‌సీ-5 ఎలా ఉందో రాయమని చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటూ వీకెండ్ వస్తే గిటార్ భుజాన వేసుకుని కేఫుల్లో పాడే మనవాళ్లు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఎంతసేపు రికార్డ్ అవుతుంది? డ్రమ్స్ ఉన్నాయా?" అడగాల్సినవే గానీ ముందు అడగాల్సినవి ఇవి కావు. మార్కెట్లో దొరికే ఏ లూపరైనా బాగానే మొదలవుతుంది. స్టేజి మీద తేడా తెలిసేది ఆపేటప్పుడే. అందులోనూ తెలుగు పాటలు పాడేవాళ్లకి మరీను, అదెందుకో కాసేపట్లో చెప్తాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్యలో ఈ డబ్బా ఉంటుంది. ఒకసారి తొక్కితే రికార్డింగ్ మొదలు, 4 బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) వాయించి మళ్లీ తొక్కితే ఆ ముక్క అక్కడికక్కడే తిరగడం మొదలుపెడుతుంది, ఇంకోసారి తొక్కితే దాని మీద ఇంకో పొర వేసుకోవచ్చు, దాన్ని ఓవర్‌డబ్ అంటారు. సంగీతం నేర్చుకున్నవాళ్లకి చెప్పాలంటే ఒక ఆవర్తనాన్ని (తాళం చుట్టుని) పట్టుకుని అదే తిరిగేలా వదిలెయ్యడం. లూప్ మూసే తొక్కు తర్వాతి ఆవర్తనం సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద పడాలి. చాలామంది చివరి దెబ్బ వాయించగానే తొక్కేస్తారు, దాంతో ఆఖరి అక్షరకాలంలో కొంత తెగిపోయి ప్రతి చుట్టులోనూ లూప్ కుంటుతుంది, పాడేవాళ్లకి ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. తాళం వేస్తూ పాడటం చిన్నప్పుడే అలవాటైనవాళ్లకి ఇది రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. యూట్యూబ్ చూసి గిటార్ నేర్చుకున్నవాళ్లు కాస్త కష్టపడాలి, ఆ కష్టం ఏ పెడల్ కొన్నా తప్పదు.

2025 ఫిబ్రవరిలో ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ బెంగళూరు వచ్చి, స్టేజి మీద గాయని శిల్పారావుతో కలిసి తెలుగు పాట పాడాక ఈ లూపర్ల గురించి అడిగేవాళ్లు నాకు బాగా ఎక్కువయ్యారు. ఒకటి గుర్తుంచుకోండి, ఆయన చాలా ఏళ్లపాటు టూర్లలో వాడింది ఆయన కోసమే ప్రత్యేకంగా కట్టించిన లూపర్ సిస్టమ్, దాని వెనక ఒక టీమ్ ఉంటుంది. అది చూసి మన ఇందిరానగర్ కేఫు మూలన, వెయిటర్ కాలికి వైర్లు తగులుకునే చోట, అదే చేద్దామంటే కుదరదు. (అదే ట్రిప్‌లో ఆయన చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాడుతుంటే పోలీసాయన వచ్చి వైరు పీకేసి పాట ఆపించాడు. ఇమీడియట్ స్టాప్ అంటే అదీ.)

ఇక్కడి కేఫులకి లూపర్ వాళ్లంటే ఇష్టం, దానికి కారణం సంగీతం కాదులెండి. డ్రమ్ కిట్ పెడితే పక్కింటివాళ్లు ఫోన్ చేస్తారు, రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ నిషేధం, అందుకని 9 దాటగానే మేనేజర్ వచ్చి సౌండ్ తగ్గించమని సైగ చేస్తుంటాడు. డ్రమ్మర్‌ని మెల్లగా కొట్టమంటే కష్టం గానీ లూపర్‌కి ఒక నాబ్ తిప్పితే చాలు. ఒక్కడే వస్తాడు, ఒక్కడికే డబ్బులు, ఒక్క కుర్చీ. నలుగురి బ్యాండ్‌కి దొరకని గిగ్ (ప్రోగ్రాం) మనకి దొరికేది ఇందుకే.

ఇక ఆర్‌సీ-5 సంగతి. 2020లో వచ్చింది. బాస్ వాళ్ల మామూలు పెడల్ సైజే, ఒకే ఒక్క స్విచ్, స్టీరియో ఇన్, స్టీరియో అవుట్, ఒక ట్రాక్ (అంటే ఒకసారికి ఒక్క లూపే). 99 మెమరీలు, అన్నీ కలిపి దాదాపు 13 గంటల రికార్డింగ్. కేఫులో ఎవడూ 13 గంటలు వాయించడు, కాబట్టి ఆ అంకెని పక్కన పెట్టండి. పనికొచ్చేది 99 మెమరీలే, అది కూడా రికార్డింగ్ కోసం కాదు. ఒక్కో మెమరీకి వేరే టెంపో, వేరే రిథమ్, వేరే స్టాప్ సెట్టింగ్ దాచుకోవచ్చు కాబట్టి పాటకో మెమరీ పెట్టుకుని సెట్‌లిస్ట్ ప్రకారం పేర్చుకోవచ్చు. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపితే వేవ్ (ఆడియో) ఫైల్ కూడా ఎక్కించుకోవచ్చు. నేను ఒక మెమరీలో తంబూరా శ్రుతి పెట్టుకున్నాను, ఆలాపన దగ్గర ఫోన్ యాప్ వెతుక్కోవాల్సిన పని లేదు.

చిన్న స్క్రీన్ ఉంది. దాని వెనక లైటు రికార్డింగ్‌లో ఎరుపు, ప్లేలో ఆకుపచ్చ, ఓవర్‌డబ్‌లో పసుపు. వినడానికి చిన్న విషయమే గానీ పాడుతూ పాడుతూ కిందకి చూసినప్పుడు అక్షరాలు కనపడవు, రంగొక్కటే కనపడుతుంది. ఎరుపో పసుపో ఉంటే మీరు చేసే ప్రతి చప్పుడూ లోపలికి పోతోందని అర్థం. మెనూలు మాత్రం ఆ స్క్రీన్‌లో నడపడం విసుగు, స్టేజి మీద అస్సలు ముట్టుకోకూడదు, అన్నీ ఇంట్లోనే సెట్ చేసుకుని రావాలి. ఇంకోటి, రికార్డ్ చేసిన లూప్ కావాలనుకుంటే రైట్ (సేవ్) చెయ్యాలి, చెయ్యకుండా వేరే మెమరీకి వెళ్తే పోతుంది.

ఇప్పుడు ఆపడం గురించి. ఒకే స్విచ్ ఉన్న పెడళ్లలో చాలావాటిని ఆపాలంటే టకటకా రెండుసార్లు తొక్కాలి. ఆర్‌సీ-5 కూడా అంతే. ఇక్కడే ఉంది తిరకాసు. లూప్ తిరుగుతుండగా మొదటి తొక్కుకి పెడల్ ఓవర్‌డబ్‌లోకి వెళ్తుంది, రెండో తొక్కుకి ఆగుతుంది. అంటే మీరు సమం మీద ఆపుదామని సమం దగ్గర టకటకా తొక్కితే అది సమం దాటాకే ఆగుతుంది, ముందు ఒక ముక్క అదనంగా వినపడి తెగుతుంది. జనానికి ఏమైందో తెలియదు గానీ ఏదో తేడా కొట్టిందని మాత్రం తెలిసిపోతుంది. దీనికి విరుగుడు ఏంటంటే మొదటి తొక్కు ఆఖరి బీట్ మీద, రెండోది సమం మీద. నాలుగు-ఒకటి, నాలుగు-ఒకటి అని ఇంట్లో పాట లేకుండా ఒట్టి కాలితో ప్రాక్టీస్ చెయ్యాలి. 90 టెంపోలో (నిమిషానికి 90 బీట్లు) బీట్‌కీ బీట్‌కీ మధ్య సెకనులో మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి రెండు తొక్కులూ సెకను లోపే పడతాయి, పెడల్‌కి అర్థమవుతుంది. అదే 55 టెంపో మెలొడీ అయితే బీట్‌కీ బీట్‌కీ మధ్యే సెకను దాటిపోతుంది, అప్పుడు మొదటి తొక్కుని అర బీట్ ముందు వెయ్యాలి. ఈ మధ్యలో చేత్తో తీగల్ని మూసి పట్టుకోవాలి, లేకపోతే ఆ రెండు తొక్కుల మధ్య మోగిందంతా లూప్‌లో అతుక్కుపోయి, తర్వాత పల్లవికి లూప్ మళ్లీ వేసినప్పుడు చుట్టుచుట్టుకీ పలుకుతుంది.

ఇంగ్లిష్ పాటలు పాడేవాళ్లకి ఇది పెద్ద సమస్య కాదు. వాళ్ల పాటల్లో చాలావాటికి నాలుగు కార్డులు (గిటార్ మీద కలిపి మీటే స్వరాలు) మొదట్నుంచి చివరిదాకా తిరుగుతూనే ఉంటాయి, లూప్ ఒకసారి వేస్తే పాట అయిపోయాక ఆపితే చాలు. మన సినిమా పాట అలా ఉండదు. పల్లవి ఒక దారి, బీజీఎం ఇంకో దారి, చరణం మొదలవగానే కార్డులు ఎక్కడికో వెళ్లిపోతాయి, కొన్నిటిలో శ్రుతి కూడా మారుతుంది, చరణం చివర రెండు లైన్లలో మళ్లీ చుట్టూ తిరిగి పల్లవికి దింపుతారు. ఒక ట్రాక్ లూపర్‌తో తెలుగు పాట పాడటమంటే పాటకి కనీసం రెండుసార్లు ఆపాలి, రెండుసార్లు మళ్లీ ఎత్తుకోవాలి. అందుకే నేను ఆపడం ఆపడం అని చెప్పేది.

పైగా ఇలా ఆపడంలోనే పాటకి అందం వస్తుంది. పల్లవి అంతా బేస్, స్ట్రమ్మింగ్, పైన చిన్న రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల ముక్క), మూడు పొరలు మోగి, చరణం మొదటి అక్షరం దగ్గర అంతా ఒక్కసారి ఆగి, ఒట్టి గిటార్ మీటుతూ గొంతు ఒక్కటే వినపడితే, ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తల ఎత్తుతారు. అది సరిగ్గా సమం మీద ఆగితేనే. అర సెకను ఆలస్యమైతే కరెంటు పోయిందేమో అనుకుంటారు.

కాబట్టి నా మాట వింటే ఆర్‌సీ-5 ఒక్కటీ కొనొద్దు, దాంతోపాటు బయట తగిలించే ఫుట్‌స్విచ్ కూడా అదే రోజు కొనండి. పెడల్‌కి పక్కన కంట్రోల్ జాక్ ఉంటుంది. బాస్‌లోనే ఎఫ్ఎస్-6, ఎఫ్ఎస్-7 అని రెండు స్విచ్‌లు ఉన్నవి దొరుకుతాయి, ఒక టీఆర్ఎస్ (స్టీరియో ప్లగ్) కేబుల్‌తో రెండూ పనిచేస్తాయి. ఒకదానికి స్టాప్, రెండోదానికి అన్‌డూ. ఇక ఒక్క తొక్కుకే ఆగుతుంది, సమం అంటే సమం మీదే. ఒక్క స్విచ్ చాలనుకుంటే ఎఫ్ఎస్-5యూ తీసుకోండి, ఎఫ్ఎస్-5ఎల్ కాదు. యూ అంటే తొక్కినంతసేపే పనిచేసేది, ఎల్ అంటే ఒకసారి తొక్కితే ఆన్, మళ్లీ తొక్కితే ఆఫ్, లూపర్‌కి పనికిరాదు. బయటికి చూడ్డానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, షాపులో కుర్రాడు "రెండూ సేమ్ సార్" అంటే నమ్మొద్దు. అన్‌డూని కూడా చిన్నచూపు చూడకండి. ఆఖరున వేసిన పొర తప్పు పోతే ఒక్క తొక్కుతో అది తీసేసి మిగతాది ఉంచుతుంది. ఫుట్‌స్విచ్ లేకపోతే పెడల్‌నే రెండు సెకన్లు నొక్కి పట్టాలి, ఆ రెండు సెకన్లూ తప్పు పొర మోగుతూనే ఉంటుంది.

ఆపే పద్ధతిని కూడా ఎంచుకోవచ్చు. వెంటనే ఆగడం, మెల్లగా తగ్గుతూ ఆగడం, లూప్ చివరిదాకా వెళ్లి ఆగడం. మూడోది కొత్తవాళ్లకి వరం లాంటిది, ఆవర్తనం మధ్యలో ఎక్కడ తొక్కినా అది పూర్తయ్యాకే ఆగుతుంది కాబట్టి టైమింగ్ టెన్షన్ ఉండదు. చరణం ముందు ఇది పెట్టుకోండి. పాట చివర ఫేడ్ బాగుంటుంది గానీ ప్రతి పాటకీ ఫేడ్ అయితే పాత క్యాసెట్ల రోజులు గుర్తొస్తాయి.

డ్రమ్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 57 రిథమ్‌లు, 7 రకాల కిట్లు. రాక్, పాప్, షఫుల్, లాటిన్ అన్నీ ఉన్నాయి, మన డప్పు ఊపు మాత్రం ఆశించకండి. 6/8 బీట్ ఉంది కాబట్టి మన జానపదాల్లో చాలావాటికి సరిపెట్టుకోవచ్చు. మిశ్రచాపు, ఖండచాపు (7, 5 లెక్కల తాళాలు) పాడేవాళ్లయితే రిథమ్ ఆపేసి వాడుకోవడమే మేలు, రిథమ్ లేకపోతే లూపర్‌కి తాళంతో పని లేదు, మీ కాలు ఎక్కడ మూస్తే అదే దాని ఆవర్తనం. నాకు బాగా ఉపయోగపడిన సెట్టింగ్ ఒకటి ఉంది: లూప్ ఆగినా రిథమ్ నడుస్తూనే ఉండేలా పెట్టుకోవచ్చు. చరణంలో కార్డుల లూప్ ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటీ నడుస్తుంటే మనం కొత్త కార్డులు చేత్తో వాయించుకుంటాం, తాళం జారదు.

దీన్ని ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లో పెట్టి డ్రమ్స్ బాలేవని తిట్టకండి. గిటార్ ఆంప్ స్పీకర్ పై ఫ్రీక్వెన్సీలన్నీ కోసేస్తుంది, కింది బేస్ కూడా సరిగ్గా రాదు, అందులో వింటే దుప్పటి కప్పి డప్పు కొట్టినట్టే ఉంటుంది. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న డబ్బా) పెట్టి నేరుగా మిక్సర్‌లోకి పంపండి, లేదా కీబోర్డ్ ఆంప్ అయినా పర్లేదు. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దే వద్దు, మీరు మీటిన తర్వాత ఎప్పటికో వినపడుతుంది, దాని మీద ఓవర్‌డబ్ వేస్తే పొర పొరకీ ఇంకా వెనకబడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, కేఫులో సౌండ్ అన్న చేతిలో మీకు ఒకటే ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) ఉంటుంది. మీ గిటార్, లూప్, డ్రమ్స్ అన్నీ ఒకే వైరులో వెళ్తాయి, ఆయన పెంచితే అన్నీ పెరుగుతాయి, తగ్గిస్తే అన్నీ తగ్గుతాయి. గిటార్ వినపడట్లేదన్నా అని ఎంత అరిచినా ఆయన చేసేదేం లేదు. ఆ బ్యాలెన్స్ మీ పెడల్ మీద లూప్ లెవెల్ నాబ్‌లోనే ఉంది. లూప్‌ని లైవ్ గిటార్ కన్నా కాస్త తక్కువలో పెట్టుకోండి, పొరలు పెరిగేకొద్దీ అదే నిండుతుంది. మీకు సరిపోయిందనిపించే లెవెల్ అవతల టేబుల్ దగ్గర ఎక్కువగా ఉంటుంది, వెంట వచ్చిన ఫ్రెండ్‌ని చివరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టి అడగండి. ఎఫెక్ట్స్ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చేవి) ఉంటే డిస్టార్షన్, డిలే లాంటివన్నీ లూపర్‌కి ముందు. ముందు ఉన్నవి ఏ పొరకి ఆ పొరలో అచ్చవుతాయి, వెనక పెడితే తిరుగుతున్న మొత్తానికీ పడతాయి, డిస్టార్షన్ వెనక పెట్టి తొక్కితే మూడు పొరలూ కలిసి ముద్దయిపోతాయి. రివర్బ్ ఒక్కటి వెనక ఉన్నా బాగానే ఉంటుంది.

గొంతు కూడా లూప్ చేద్దామనుకునేవాళ్లు ఇక్కడ ఆగండి. ఆర్‌సీ-5కి మైక్ జాక్ లేదు. హమ్మింగ్ పొరలు వేసుకోవాలంటే ఆర్‌సీ-500 చూడండి, అది కూడా 2020దే, రెండు ట్రాకులు, మైక్‌కి ఎక్స్ఎల్ఆర్ జాక్, కండెన్సర్ మైక్‌కి కరెంటిచ్చే ఫాంటమ్ పవర్ కూడా ఉంది. పల్లవి ఒక ట్రాక్‌లో, చరణం ఇంకో ట్రాక్‌లో పెట్టుకుని మార్చుకోవచ్చు కూడా, తెలుగు పాటకి కాగితం మీద అదే సరైన పెడల్. కానీ మొదటి చరణం పాడుతూనే దాన్ని రికార్డ్ చెయ్యాలి, రెండో చరణానికి గానీ అది పనికిరాదు, కేఫుల్లో మనం రెండో చరణం పాడేది ఎన్ని పాటలకి చెప్పండి. ఆర్‌సీ-5తోనే గొంతు లూప్ చెయ్యాలంటే దారి ఉంది: మిక్సర్‌లో మైక్ ఛానెల్ ఆక్స్ సెండ్ (సౌండ్‌ని విడిగా బయటికి పంపే దారి) నుంచి వైరు తీసి లూపర్‌లోకి, లూపర్ అవుట్ వేరే ఛానెల్‌లోకి. ఆ వేరే ఛానెల్‌లో ఆక్స్ నాబ్ పూర్తిగా సున్నా మీద ఉండాలి, లేకపోతే లూప్ మళ్లీ లూపర్‌లోకే వెళ్లి కూత మొదలవుతుంది. లూపర్ నుంచి మామూలు గొంతు కూడా తిరిగొస్తుంది కాబట్టి రెండు ఛానెళ్లూ చూసి కలుపుకోవాలి. సౌండ్ అన్న ఓపికమంతుడైతేనే ఇది.

మొన్న ఉగాదికి సర్జాపూర్ రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో పాడాను. ముందు వరసలో ఒక ఆంటీ పచ్చడి గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి అడిగారు.

"బాబూ, ఇది కరోకేనా?"

"కాదాంటీ, ఇప్పుడు మీ ముందు వాయించిందే తిరుగుతోంది."

"మరి నువ్వు చెయ్యి ఆపేసినా మోగుతోందేంటి?"

కాలితో తొక్కి చూపించాను. ఆవిడ కాసేపు నా కాలికేసి చూసి, "అయితే చెప్పులు లేకుండా ఎలా తొక్కుతున్నావయ్యా, నొప్పి లేదూ?" అన్నారు. ఏ రివ్యూలోనూ కనపడని ప్రశ్న అది. అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలో స్టేజి మీద దేవుడి ఫోటో, దీపం ఉంటాయి, గుడి హాలు అయితే సరేసరి, చెప్పులు విప్పాల్సిందే. బాస్ పెడళ్లకి పైన అరచేయంత రబ్బరు పలక ఉంటుంది, ఉత్తి కాలి మునివేళ్లతో హాయిగా తొక్కొచ్చు. టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో లాంటి చిన్న పెడళ్లకి గుండ్రటి ఇనుప బొత్తాం ఉంటుంది, షూతో బ్రహ్మాండం, ఉత్తి కాలితో నాలుగు పాటలయ్యేసరికి బొటనవేలు కందిపోతుంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని వాయించేవాళ్లకి, వీణ, వయొలిన్ వాళ్లకి, అసలు కాలి పెడలే వద్దు. చేత్తో నొక్కే ఆర్‌సీ-505 రకం చూడండి, 5 ట్రాకులు, ఒక్కోదానికి దాని బొత్తాం దానిదే. వాయిస్తూ చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి లూప్ మూసేచోట ఒక చెయ్యి ఖాళీ అయ్యేలా సంగతి కట్టుకోవాలి.

డిట్టో గురించి ఇంకో మాట, దాన్ని తీసిపారెయ్యను. 5 నిమిషాల రికార్డింగ్, ఒకే నాబ్, అగ్గిపెట్టెలు రెండు పేరిస్తే ఎంతో అంత. ఇంట్లో ప్రాక్టీస్‌కి, కార్డులు తిప్పుకుని రాగం వాయించుకోడానికి అంతకన్నా అక్కర్లేదు. కానీ అదే డబుల్ తొక్కు. దాని అన్న డిట్టో ఎక్స్2కి స్టాప్‌కి వేరే స్విచ్ ఉంది, డ్రమ్స్ అక్కర్లేనివాళ్లకి అది మంచి బేరమే. బాస్ వాళ్లదే ఆర్‌సీ-1 2014 నుంచీ ఉంది, మెమరీ ఒక్కటే, డ్రమ్స్ లేవు, చుట్టూ 24 లైట్లు తిరుగుతూ లూప్ ఎంతవరకు వచ్చిందో చూపిస్తాయి. నిజం చెప్పాలంటే ఆ లైట్ల చక్రం ఆర్‌సీ-5 స్క్రీన్ కన్నా నాకు నచ్చుతుంది, సమం ఎక్కడుందో కంటికి కనపడుతుంది. దానికీ బయటి స్టాప్ స్విచ్ తగిలించుకోవచ్చు. బడ్జెట్ తక్కువ, డ్రమ్స్ వద్దు అనుకుంటే ఆర్‌సీ-1 ప్లస్ ఫుట్‌స్విచ్, ఒట్టి ఆర్‌సీ-5 కన్నా స్టేజికి మెరుగని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో వచ్చే ఊరూపేరూ లేని చవక లూపర్లలో ఒకటి కొన్నాళ్లు వాడాను, పేరు అనవసరం, ఆపగానే టక్కుమని శబ్దం వచ్చేది. ఇంట్లో తెలియలేదు, పెద్ద స్పీకర్లలో తుపాకీ పేలినట్టే.

కరెంటు విషయంలో అశ్రద్ధ చెయ్యకండి. 9 వోల్టులు, ప్లగ్ మధ్య పిన్ నెగటివ్, ఇది బాస్ పద్ధతి. ఇంట్లో పడున్న వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ అందులో సరిగ్గా దూరుతుంది, దూరింది కదా అని పెడితే పెడల్ కాలిపోవచ్చు, అవి ఎక్కువగా 12 వోల్టులు, మధ్య పిన్ పాజిటివ్ ఉంటాయి. ఎస్పీ రోడ్డులో (ఇక్కడి ఎలక్ట్రానిక్స్ మార్కెట్) అడాప్టర్ కొనేటప్పుడు దాని మీద చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, మధ్య చుక్కకి మైనస్ గుర్తు ఉందో లేదో చూసి తీసుకోండి. ఆర్‌సీ-5 170 మిల్లీఆంప్స్ లాగుతుంది కాబట్టి 200కి తక్కువ వద్దు. చవక అడాప్టర్లతో సన్నగా ఈల లాంటి శబ్దం వస్తుంది, లూప్‌లో అది కూడా పొర పొరకీ పెరుగుతుంది. ఇక అపార్ట్‌మెంట్ల సంగతి మీకు తెలిసిందే, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు ఖాళీ, ఆ లోపు పెడల్ ఆగి మళ్లీ మొదలవుతుంది, రైట్ చెయ్యని లూప్ పోయినట్టే. పెద్ద ఫంక్షన్ అయితే చిన్న యూపీఎస్ ఉన్న లైన్ ఇవ్వమని ముందే అడగండి, డీజే వాళ్ల దగ్గర సాధారణంగా ఉంటుంది.

కొత్తది కొనేవాళ్లకి ఒక సలహా, షాపుకి మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లండి. ఎంజీ రోడ్డు వైపు ఒక షాపులో డబ్బా విప్పి చూపించడానికే ఒప్పుకోలేదు, ఇంకోచోట అరగంట కూర్చోబెట్టి అన్నీ వాయించుకోనిచ్చారు. రెండోరకం షాపులో నాలుగొందలు ఎక్కువైనా అక్కడే కొంటాను.

సెకండ్ హ్యాండ్ అయితే ఈ ఊళ్లో లోటు లేదు, ఉత్సాహంగా కొని ఆర్నెల్లకి అమ్మేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు బోలెడుమంది, పాత ఆర్‌సీ-3లు కూడా దొరుకుతుంటాయి, 99 మెమరీలు, 3 గంటలు, స్టేజికి ఇప్పటికీ సరిపోతుంది. పై గీతల్ని పట్టించుకోకండి. జాక్‌లో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదిపి గరగర వస్తుందేమో వినండి, ఒక లూప్ రైట్ చేసి, పవర్ తీసి, మళ్లీ పెట్టి అది ఉందో లేదో చూడండి. ఆ తర్వాత లూప్ నడుస్తుండగా స్విచ్‌ని ఇరవై ముప్పైసార్లు, మెల్లగా, గట్టిగా, అంచు మీద, మధ్యలో, రకరకాలుగా తొక్కండి. బాగా వాడిన స్విచ్ అరిగితే ఒక్క తొక్కుని రెండుగా పంపుతుంది, పెడల్ దాన్ని స్టాప్ అనుకుంటుంది. పల్లవి మధ్యలో ఇంకో పొర వేద్దామని తొక్కితే మొత్తం ఆగిపోతుంది. అలాంటి పీస్ సగం ధరకి ఇస్తానన్నా తీసుకోకండి, లేదా స్విచ్ మార్పించడానికయ్యే డబ్బు తగ్గించమనండి.